మూడో రీలు

ఐతారం పొద్దుగాల కాజీపేటల
డీజిల్ కాలనీకి మర్లే మూల మీద
సాబిర్ హోటల్ల రెండు బల్లలు దగ్గరికి జరిపి
నలుగురం కూసుంటం.
చాయ్ రాకముందే బుచ్చిలింగం గొంతు:
"చెప్పుండ్రి, నల్లగౌను ఆమె మెట్లు దిగుతది గదా,
ఎన్ని మెట్లు?"

"పదిహేడు."
"పదహారు. ఆఖరు దాని మీద ఆగుతది, దిగది."
ఇగ అరగంట కొట్లాట,
ఇంటి పాలు పంచుకునే అన్నదమ్ముల లెక్క.

అప్పట్ల మాకు ఇంగ్లీషు ముక్క రాదు.
శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్ల
తెల్లబట్ట కట్టి గఫార్ భాయ్ మిషన్ తిప్పేది.
ముందు కుర్చీలు గార్డులయి, డ్రైవర్లయి.
వాళ్లింటి ఆడోళ్లు నవ్వితే
ఎనుక నేల మీద మేం నవ్వెటోళ్లం,
రెప్పపాటు ఆలస్యంగ.
ఇప్పటికీ ఎవరన్న జోకు చెప్తే
నా నవ్వు లేటు బండే.

పేర్లకు నోరు తిరగక మేమే పెట్టుకున్నం:
సన్నమీసాలాయన, పొగమబ్బు ఆమె,
జేబుల చెయ్యి తియ్యని పోలీసు,
సావటానికే వచ్చే సోపతిగాడు.
యాకూబ్ ఆ సోపతిగాని కోసమే వస్తుండె.
షెడ్డుల బొగ్గు కడుక్కోకుండనే వచ్చి
"వీడు ఇంటర్వెల్ దాటడు" అని పావలా పందెం కాసి,
గెలిచి,
ఏడ్సుకుంట ఇంటికి పొయ్యేటోడు.

రీళ్లు బెల్లంపల్లి నుంచి ప్యాసింజర్ల రావాలె.
ఒకసారి నాలుగు డబ్బాల్ల మూడోది రాలె.
గార్డు పెట్టెల ఎతికిండ్రు,
పెద్దపల్లికి, జమ్మికుంటకు ఫోన్ కొట్టిండ్రు.
గఫార్ భాయ్ బీడీ ఆర్పి
రెండు ఎనుక నాలుగు ఎక్కిచ్చిండు.

రెండుల, ఆమె కోపంతోని రైలెక్కింది.
నాలుగుల, వానల, ఆయన కోటు ఆమె భుజాల మీదున్నది.

నడుమ ఏమైంది?

యాభై రెండేండ్లసంది గదే ముచ్చట.
బుచ్చిలింగం టీసీ చేసి దిగినోడు:
ఆమెకు టికెట్ లేదు, ఆయన జుర్మానా కట్టిండు, అంతే అంటడు.
యాకూబ్ లెక్కల సోపతిగాడు వచ్చి
ఇద్దర్ని కలిపి, సచ్చిపోయిండు.
డొరతీ టీచర్, గార్డు బిడ్డ,
మాల ఇంగ్లీషు వచ్చింది ఆమెకొక్కదానికే,
"ఉత్తరం" అంటది.
ఏం ఉత్తరమంటే చాయ్ ఊదుకుంటది.
నేను ఫైర్‌మన్‌ను. బండి నడిమిట్ల ఆగింది అంట.
ఆగిన బండ్లనే మనుషులు మాట్లాడుకుంటరు.

పోయిన నెల నిద్ర పట్టక
ఫోన్ల పాత సినిమాలు ఒక్కోటి తెరుసుకుంట పోంగ
రాత్రి రెండింటికి అవే మెట్లు దొరికినయ్.
(పదహారే. బుచ్చిలింగానికి చెప్ప.)
దుప్పటి నెత్తి మీదికి గుంజుకోని
మూడో రీలు చూసిన.

జుర్మానా లేదు. ఎవ్వరు సావలె.
ఉత్తరం లేదు. బండి ఎక్కడ ఆగలె.
రైలు డబ్బల ఎదురెదురు కూసోని
ఇద్దరు సూపు తాగిండ్రు.
ఆమె ఉప్పు అడిగింది.
ఆయన ఇచ్చిండు.

పదకొండు నిమిషాలు.
మళ్ల చూసిన.
ఉప్పుబుడ్డి లేపింది ఎడమ చెయ్యి,
ఆమె అందుకునేసరికి అది కుడి చెయ్యి.
తీసినోళ్ల తప్పు.
ఇంత పెద్ద సవాలు చేతికొచ్చి
ఎవర్ని అడగాలె నేను?

మొన్న ఐతారం మళ్ల అదే పంచాయితి.
యాకూబ్ సోపతిగాన్ని ఇంకోసారి సంపిండు.
నేను నోరు తెరిసిన,
సాబిర్ ఆమ్లెట్ పెట్టిండు, నోరు మూసిన.
డొరతీ టీచర్ చెయ్యి చాపి "ఉప్పు" అన్నది.
ఆమెకిప్పుడు చూపు ఆనదు.
బుడ్డి ఆమె చేతుల పెట్టిన.

ఆమె ఇటు వంగి
నాకొక్కనికే ఇనవడేటట్టు:
"ఎడమ చేత్తోనా, కుడి చేత్తోనా?"

బుచ్చిలింగం మెట్లు లెక్కవెడుతనే ఉన్నడు.
ఆమె నవ్వింది.
రెప్పపాటు ఆగి
నేను.